పెన్‌డ్రైవ్‌లో కోడింగ్ సామానంతా: ఏ కంప్యూటర్ దొరికితే దానిలో పని చేసుకోవడం ఎలా?

"అన్నా, ల్యాబ్‌లో ఏం ఇన్‌స్టాల్ చేయబోయినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతాంది." అనంతపురంలో నన్ను కలిసే బీటెక్, డిగ్రీ పిల్లలు ఎక్కువ మంది మొదట అనే మాట ఇదే. రెండో మాట, "సొంత ల్యాప్‌టాప్ లేదు." కళ్యాణదుర్గం నుంచో గుత్తి నుంచో బస్సెక్కి వస్తారు. పగలు కాలేజీ ల్యాబ్, సాయంత్రం నెట్ సెంటర్, ఆదివారం స్నేహితుడి రూమ్. మూడు చోట్ల మూడు కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో వెర్షన్. ఫోన్లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే మొత్తం ఒకసారి రాసి పెడుతున్నా.

ఎడిటర్ (కోడ్ టైప్ చేసేది), సి కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చేది), పైథాన్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచేది), జావా, వీటిలో దేన్నీ నిజానికి ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. జిప్ విప్పి ఫోల్డర్‌లో పెడితే నడుస్తాయి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. దెబ్బ తినేది తర్వాత. మీ పెన్‌డ్రైవ్ ఒక కంప్యూటర్లో ఇ డ్రైవ్‌గా వస్తుంది, ఇంకోదాంట్లో జి డ్రైవ్‌గా వస్తుంది. ఎక్కడో ఒక ఫైల్‌లో "ఇ" అని రాసి ఉంటే అక్కడితో పని ఆగిపోతుంది. కింద చెప్పే సగం జాగ్రత్తలు ఈ ఒక్క అక్షరం గురించే.

ముందుగా ఒక మాట. కాలేజీ ల్యాబ్ అయితే ఇన్‌చార్జి సార్‌ని అడిగి వాడండి. కొన్నిచోట్ల యూఎస్‌బీ పోర్టులే ఆపేస్తారు, కొన్నిచోట్ల బయటి ప్రోగ్రాములు నడవకుండా పాలసీ పెడతారు. అలాంటప్పుడు దాన్ని దాటే దారులు వెతకొద్దు. మీ కోసం ఆ ఒక్క మెషీన్లో టూల్ పెట్టించమని అడగండి, చాలామంది పెడతారు.

కావలసినవి

64 జీబీ పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ 3.0 ది. 32 జీబీ కూడా సరిపోతుంది కానీ జావా కూడా పెడితే ఇరుకవుతుంది. డబ్బు పెట్టగలిగితే చిన్న ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొనండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది. పెన్‌డ్రైవ్ పెద్ద ఫైల్‌ని చకచకా రాస్తుంది గానీ, చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఇస్తే చతికిలబడుతుంది. కోడింగ్ టూల్స్ అంటే మొత్తం చిన్న ఫైళ్లే.

నెట్ ఉన్న కంప్యూటర్ ఒకటి, రెండు మూడు గంటల తీరిక. జిప్‌లు విప్పడానికి సెవెన్‌జిప్. ప్రింట్ల కోసం వేరే పెన్‌డ్రైవ్ ఇంకొకటి, పాతదైనా ఫర్వాలేదు. ఎందుకో తర్వాత చెబుతా.

ఆన్‌లైన్‌లో "1 టీబీ" పెన్‌డ్రైవ్ కారు చౌకగా కనబడితే కొనకండి. లోపల ఉండేది చిన్న చిప్, పైకి మాత్రం పెద్ద సైజు చూపిస్తుంది. నిండే దాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత రాసినవన్నీ గాలికి పోతాయి. టవర్ క్లాక్ దగ్గర షాపులో బిల్లుతో కొన్నా సరే, ఇంటికి రాగానే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో ఒకసారి పరీక్షించండి. అది డ్రైవ్ నిండా రాసి, మళ్లీ చదివి సరిచూస్తుంది. టైం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

చేసే పద్ధతి

ఫోల్డర్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. పేర్ల మధ్య ఖాళీ ఎక్కడా ఉండకూడదు. "మై ప్రాజెక్ట్స్" అని ఖాళీతో పెడితే మేక్ (కంపైల్ పనుల్ని వరుసగా చేయించేది) లాంటి పాత టూల్స్ అక్కడే తడబడతాయి.

1. ముందు మీరు కూర్చోబోయే కంప్యూటర్ ఏ విండోస్‌దో చూసుకోండి. విండోస్ 10, 11 అయితే చింత లేదు. కొన్ని ల్యాబుల్లో విండోస్ 7 ఇంకా ఉంది. దాని మీద వీఎస్ కోడ్ (మనం వాడబోయే ఎడిటర్) 1.70 వెర్షన్ దాకానే, పైథాన్ 3.8 దాకానే నడుస్తాయి. కొత్తవి పెట్టుకుని వెళ్తే ఏదో డీఎల్‌ఎల్ ఫైల్ లేదని చెప్పి మూసుకుపోతాయి. అలాంటి చోటికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పోర్టబుల్ జిప్ తీసుకెళ్లడం హాయి.

2. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. లోపల ఉన్నవి పోతాయి, ముందే కాపీ చేసుకోండి. ఫ్యాట్32 వద్దు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అన్నిట్లో తెరుచుకుంటుంది, కానీ ఒక చిక్కుంది. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఒక్కో ఫైల్‌కి కనీసం 128 కేబీ జాగా కేటాయిస్తుంది. మీ ఫైల్‌లో రెండు లైన్లే ఉన్నా అంతే. పదివేల చిన్న ఫైళ్లు పెడితే, లోపల సరుకు 50 ఎంబీ ఉన్నా, డ్రైవ్‌లో 1.2 జీబీ పైనే పోతుంది. విండోస్‌లోనే వాడేటట్టయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. మ్యాక్‌లో కూడా రాయాల్సి వస్తేనే ఎక్స్‌ఫ్యాట్, అప్పుడు ఫార్మాట్ కిటికీలో అలొకేషన్ యూనిట్ సైజు తగ్గించి పెట్టండి.

3. పెన్‌డ్రైవ్‌లో "డెవ్" అని ఒకే ఒక ఫోల్డర్. దాని లోపల వీఎస్‌కోడ్, గిట్, జీసీసీ, పైథాన్, హోమ్, పని అని ఆరు ఫోల్డర్లు. "పని" అన్నది మీ ప్రాజెక్టులకి. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టి లోతుకి పోవద్దు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకి ఫైల్ దారి మొత్తం 260 అక్షరాలు దాటకూడదు.

4. వీఎస్ కోడ్. డౌన్‌లోడ్ పేజీలో పెద్ద బటన్ నొక్కకండి, అది ఇన్‌స్టాలర్. కింద చిన్న అక్షరాల్లో జిప్ అని ఉంటుంది, అది కావాలి. దించిన జిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో "అన్‌బ్లాక్" అని టిక్ కనిపిస్తే పెట్టి, తర్వాతే విప్పండి. లేదంటే ప్రోగ్రాం తెరిచేటప్పుడు విండోస్ నీలం హెచ్చరిక చూపించొచ్చు.

విప్పాక, కోడ్ ప్రోగ్రాం ఫైల్ ఉన్న చోటే "డేటా" అని ఖాళీ ఫోల్డర్ ఒకటి సృష్టించండి. అసలు కీలకం ఇదే. ఆ ఫోల్డర్ ఉంటే సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కి అదనంగా తగిలించుకునేవి) అన్నీ అందులోకి పోతాయి. లేకపోతే ఆ కంప్యూటర్ సి డ్రైవ్‌లో పడతాయి, మీరు లేచి వస్తే అక్కడే ఉండిపోతాయి. "ఎక్స్‌టెన్షన్లు మాయమైపోయినాయన్నా" అని ఫోన్ వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న డేటా ఫోల్డర్ ఉందా అనే. తొంభై పాళ్లు ఉండదు, లేదా పొరపాటున ఒక మెట్టు పైన ఉంటుంది.

కావలసిన ఎక్స్‌టెన్షన్లు ఇప్పుడే, నెట్ ఉన్నప్పుడే వేసుకోండి. నాలుగైదు చాలు. ఇరవై వేస్తే పెన్‌డ్రైవ్ మీద ఎడిటర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. జిప్ వెర్షన్ తనంతట తాను అప్‌డేట్ కాదు. కొత్త జిప్ దించి, విప్పి, పాత డేటా ఫోల్డర్‌ని దానిలోకి మార్చుకోవాలి.

5. సి, సి ప్లస్ ప్లస్ కోసం డబ్ల్యూ64డెవ్‌కిట్. జీసీసీ (కంపైలర్), జీడీబీ (ప్రోగ్రాంలో తప్పులు వెతకడానికి), మేక్ మూడూ ఒకే మూటలో వస్తాయి, తనంతట తానే విప్పుకుంటుంది. లోపలివి తెచ్చి జీసీసీ ఫోల్డర్‌లో పెట్టండి. ఎడిటర్ గొడవే వద్దు, పచ్చబటన్ నొక్కితే నడవాలి అనుకునేవాళ్లు కోడ్ బ్లాక్స్‌లో "మింగ్‌డబ్ల్యూ నోసెటప్" అని ఉండే జిప్ తీసుకోండి. మొదటి సంవత్సరం పిల్లలకి నేను ఇదే చెబుతా.

6. పైథాన్. పైథాన్ సైట్‌లో "ఎంబెడబుల్" అని చిన్న జిప్ కనిపిస్తుంది. పోర్టబుల్ కదా అని అందరూ అదే దించుకుంటారు. అందులో పిప్ (లైబ్రరీలు దించి పెట్టేది) ఉండదు, టీకింటర్ (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) ఉండదు. మీకు కావలసింది విన్‌పైథాన్. అందులో "డాట్" అని చివర ఉండే చిన్న రకం చాలు, కావలసిన లైబ్రరీలు తర్వాత వేసుకోవచ్చు. విప్పిన తర్వాత పైథాన్ ప్రోగ్రాం ఫైల్ నిజంగా ఏ ఫోల్డర్‌లో ఉందో చూసి గుర్తుపెట్టుకోండి, ఎనిమిదో మెట్టులో అవసరం.

లైబ్రరీ వేసేటప్పుడు ఒట్టి పిప్ అని కొట్టొద్దు. పైథాన్, హైఫన్ ఎం, పిప్ అని కొట్టండి. పిప్ ప్రోగ్రాం లోపల పాత డ్రైవ్ అక్షరం ముద్రపడి ఉండొచ్చు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా కట్టుకునే పైథాన్ ఫోల్డర్) కూడా అంతే, దాన్ని సృష్టించిన చోటు పూర్తి దారి లోపల రాసుకుంటుంది. దాన్ని మోసుకు తిరగకండి. లైబ్రరీల జాబితా ఫైల్ దగ్గరుంచుకుని అవసరమైన చోట మళ్లీ కట్టుకోండి.

7. గిట్. గిట్ ఫర్ విండోస్ పేజీలో "పోర్టబుల్" అని విడిగా ఉంటుంది. దాన్ని గిట్ ఫోల్డర్‌లోకి విప్పండి. విప్పడం ఇరవై నిమిషాలు పట్టినా కంగారు పడకండి, చెప్పాను కదా చిన్న ఫైళ్లని.

8. ఇప్పుడు అన్నిటినీ కలిపే బ్యాచ్ ఫైల్, అంటే కమాండ్లను వరుసగా నడిపే ఫైల్. నోట్‌ప్యాడ్ తెరవండి, నాలుగే వరుసలు. అందులో ఒక మంత్రం ఉంది: పర్సెంట్ గుర్తు, టిల్డా, డి, పి, సున్నా. ఐదూ ఖాళీ లేకుండా పక్కపక్కనే. చివరిది ఓ అక్షరం కాదు, అంకె సున్నా. "ఈ బ్యాచ్ ఫైల్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉందో అది" అని దాని అర్థం. డ్రైవ్ ఇ అయినా జి అయినా అదే కనుక్కుంటుంది.

మొదటి వరుస: సెట్, ఖాళీ, రూట్, ఈక్వల్ గుర్తు, వెంటనే ఆ ఐదు గుర్తులు.

రెండోది: సెట్, ఖాళీ, హోమ్, ఈక్వల్ గుర్తు, రెండు పర్సెంట్ల మధ్య రూట్, దానికి అతికించి హోమ్. మధ్యలో బ్యాక్‌స్లాష్ అక్కర్లేదు, రూట్ చివర అదే వస్తుంది. ఈ వరుసతో గిట్ తన సెట్టింగులను మీ పెన్‌డ్రైవ్‌లోనే రాసుకుంటుంది.

మూడోది: సెట్, ఖాళీ, పాత్, ఈక్వల్ గుర్తు. పాత్ అంటే ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా. తర్వాత ఒక్కో టూల్ ఫోల్డర్‌ని రెండు పర్సెంట్ల మధ్య రూట్‌తో మొదలుపెట్టి రాయండి: గిట్‌లో "సీఎండీ", జీసీసీలో "బిన్", పైథాన్ ఫైల్ ఉన్న ఫోల్డర్. మధ్యలో సెమీకోలన్లు. చివర్లో రెండు పర్సెంట్ల మధ్య పాత్ అని రాయడం మర్చిపోతే విండోస్ సొంత కమాండ్లు కూడా పనిచేయవు.

నాలుగోది: స్టార్ట్, ఖాళీ, లోపల ఏమీ లేని జంట కొటేషన్లు, ఖాళీ, మళ్లీ కొటేషన్లలో కోడ్ ప్రోగ్రాం దారి. ఖాళీ కొటేషన్లు ఎందుకంటే, స్టార్ట్ కమాండ్ కొటేషన్లలో చూసిన మొదటి మాటని కిటికీ పేరు అనుకుంటుంది. అవి లేకపోతే ఎడిటర్ బదులు నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని మిమ్మల్ని చూస్తూ ఉంటుంది.

"మొదలు" అనే పేరుతో డెవ్ ఫోల్డర్‌లోనే సేవ్ చేయండి. సేవ్ చేసేటప్పుడు కింద రకం దగ్గర "ఆల్ ఫైల్స్" ఎంచుకుని, పేరు చివర డాట్ బ్యాట్ కొట్టాలి. లేకపోతే దాని తోకకి డాట్ టీఎక్స్‌టీ తగులుకుంటుంది, డబుల్ క్లిక్ చేస్తే నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది.

ఇక నుంచి ఎడిటర్‌ని నేరుగా తెరవకండి. ఎప్పుడూ "మొదలు" మీద డబుల్ క్లిక్. ముందే ఎడిటర్ తెరిచి ఉంటే మూసి మళ్లీ ఇలా తెరవండి, లేకపోతే కొత్త పాత్ దానికి అందదు.

9. గిట్‌లో మీ పేరు, మెయిల్ పెట్టండి. పెట్టాక హోమ్ ఫోల్డర్‌లో గిట్‌కాన్ఫిగ్ అనే ఫైల్ పుట్టిందో లేదో చూడండి. ఇది నా సొంత అనుభవం. హోమ్ వరుస రాయకుండా ఒక ల్యాబ్‌లో నెల రోజులు పని చేశా. నా పేరు ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది. తర్వాత అక్కడ కూర్చున్న జూనియర్ల కమిట్లన్నీ (గిట్‌లో నమోదు చేసిన మార్పులు) నా పేరుతో పోయినాయి. వాళ్ల ప్రాజెక్టు నేను చేసిపెట్టానని సార్‌కి అనుమానం వచ్చింది. నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకో కంప్యూటర్లో గిట్ "డ్యూబియస్ ఓనర్‌షిప్" అని ఎర్రగా తిడితే భయపడకండి, మీ ఫైళ్లకేం కాలేదు. ఫోల్డర్ యజమాని వేరే యూజర్ అనుకుని 2022 నుంచి గిట్ ఇలా ఆపుతోంది. ఏం కొట్టాలో ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, "సేఫ్ డైరెక్టరీ" అని ఉన్న ఆ వరుసని కాపీ చేసి కొట్టండి. డ్రైవ్ అక్షరం మారితే మళ్లీ అడుగుతుంది, మళ్లీ కొట్టాలి.

గిట్‌హబ్‌కి (ఆన్‌లైన్‌లో కోడ్ దాచుకునే సైట్) పంపేటప్పుడు మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, 2021 ఆగస్టు 13 నుంచి ఆపేశారు. టోకెన్ (పాస్‌వర్డ్ బదులు ఆ సైట్ ఇచ్చే పొడవాటి కోడ్) తీసుకోవాలి. ఒక్క రిపాజిటరీకే (అక్కడున్న ఒక్క ప్రాజెక్టుకే) పనిచేసేలా, గడువు పెట్టి తీసుకోండి. నెట్ సెంటర్‌లో వాడితే లేచే ముందు కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో గిట్‌హబ్ పేరుతో ఉన్నది తీసేయండి. టోకెన్‌ని పెన్‌డ్రైవ్‌లో టెక్స్ట్ ఫైల్‌గా పెట్టుకునేవాళ్లని చూశాను. బస్సులో పెన్‌డ్రైవ్ పడిపోతే ఇంటి తాళం చెవి పడేసుకున్నట్టే.

జావా కావాలంటే జేడీకే (జావా కంపైలర్ ఉన్న మూట) జిప్ దించి, దాని బిన్ ఫోల్డర్‌ని మూడో వరుసలో చేర్చండి, అంతే. డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబ్‌కి ఎస్‌క్యూలైట్ ఒక్క ఫైల్ చాలు. సిలబస్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంటే జాంప్ పోర్టబుల్ ఉంది, అందులో వచ్చేది మరియాడీబీ అయినా కమాండ్లు దాదాపు అవే. డ్రైవ్ అక్షరం మారాక నడవకపోతే దాని సెటప్ బ్యాచ్ ఫైల్‌ని మళ్లీ నడపాలి. సర్వర్ ఆపకుండా పెన్‌డ్రైవ్ పీకితే డేటాబేస్ పాడవ్వొచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం పెన్‌డ్రైవ్‌లో పెట్టే ప్రయత్నమే చేయకండి, మీ ఓపిక వృథా.

పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సెటప్ చేసిన కంప్యూటర్లోనే పరీక్షిస్తే అది పరీక్ష కాదు. అక్కడ ముందే పైథాన్ ఉండి, మీ పెన్‌డ్రైవ్‌ది కాకుండా దాన్నే నడుపుతూ ఉండొచ్చు.

ఎడిటర్ లోపల టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి, "వేర్" అని కొట్టి ఖాళీ ఇచ్చి పైథాన్ అని కొట్టండి. మొదట వచ్చే వరుస మీ పెన్‌డ్రైవ్ అక్షరంతో మొదలవ్వాలి. జీసీసీకి, గిట్‌కి కూడా అలాగే. ఏమీ రాకుండా కర్సర్ కిందికి దిగిందంటే మీరు పవర్‌షెల్‌లో ఉన్నారు, అక్కడ వేర్ అంటే వేరే అర్థం. టెర్మినల్ పక్కన బాణం గుర్తు నొక్కి కమాండ్ ప్రాంప్ట్ ఎంచుకోండి. పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుందా? మూడో వరుసలో పైథాన్ దారి తప్పు రాశారు.

తర్వాత అక్షరం మార్చి చూడండి. మీ డ్రైవ్ తీసేసి, ముందు ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి, దాని పక్కన మీది పెట్టండి. చాలాసార్లు కొత్త అక్షరం వస్తుంది. ఇప్పుడు నెట్ ఆపేసి "మొదలు" నొక్కి, ఒక సి ప్రోగ్రాం, ఒక పైథాన్ ప్రోగ్రాం నడపండి, ఒక కమిట్ చేయండి. మూడూ అయితే మీ పెన్‌డ్రైవ్ సిద్ధం.

పైథాన్ నడిచి సి నడవకపోతే, ప్రాజెక్టులో డాట్ వీఎస్‌కోడ్ అనే ఫోల్డర్ తెరవండి. అందులో టాస్క్స్, లాంచ్ అని రెండు ఫైళ్లలో జీసీసీ, జీడీబీల పూర్తి దారి పాత అక్షరంతో సహా రాసి ఉంటుంది. సి ఎక్స్‌టెన్షన్ మనకు చెప్పకుండా రాసిపెడుతుంది. దారి మొత్తం తీసేసి ఒట్టి జీసీసీ, జీడీబీ అని ఉంచండి, పాత్ చూసుకుంటుంది.

కంపైల్ చేస్తే "పర్మిషన్ డినైడ్" వస్తే, మీ పాత ప్రోగ్రాం ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ఆ కిటికీ మూసేయండి. అదీ కాకపోతే యాంటీవైరస్ మీరు ఇప్పుడే తయారుచేసిన ఫైల్‌ని పట్టుకుని ఉంటుంది.

మరీ నెమ్మదిగా ఉంటే మొదట పోర్టు చూడండి. ముందు వైపు ఉన్నవి చాలా వరకు యూఎస్‌బీ 2.0వి. వెనక నీలం రంగు పోర్టు ఉంటే దాంట్లో పెట్టండి. అయినా నడవకపోతే "పని" ఫోల్డర్‌లో ఆ రోజు ప్రాజెక్టుని మాత్రం కంప్యూటర్ డి డ్రైవ్‌కి కాపీ చేసుకుని పని చేసి, వెళ్లేటప్పుడు వెనక్కి తెచ్చుకుని అక్కడిది తీసేయండి. నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రాజెక్టులు చేసేవాళ్లకి ఇదొక్కటే దారి. వేల చిన్న ఫైళ్లుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్ మీద కాపీ చేస్తూ కరెంటు పోయిన రోజు నా ముఖం చూడాల్సింది.

ఇక రెండో పెన్‌డ్రైవ్ ఎందుకన్నది. ప్రాజెక్ట్ రివ్యూ ముందు రోజు రిపోర్ట్ ప్రింట్ తీయడానికి మా తమ్ముడు ఈ డ్రైవ్‌నే జెరాక్స్ షాపుకి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి డెవ్ ఫోల్డర్ కనబడలేదు, దాని స్థానంలో షార్ట్‌కట్ ఒకటి కూర్చుంది. అదే షార్ట్‌కట్ వైరస్. ఫైళ్లు పోవు, దాక్కుంటాయి. షార్ట్‌కట్‌ని నొక్కితే మాత్రం వైరస్ ఆ కంప్యూటర్‌కి కూడా అంటుకుంటుంది. దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్ చేసి "పని" ఫోల్డర్‌ని మాత్రం బయటికి తీసి, స్కాన్ చేసి, డ్రైవ్ ఫార్మాట్ కొట్టాం. టూల్స్ బ్యాకప్ ఉంది కాబట్టి గంటలో పని అయింది. డెవ్ ఫోల్డర్ మొత్తాన్ని ఒకే జిప్ చేసి ఇంకోచోట ఉంచండి. కోడ్ అయితే రోజూ గిట్‌హబ్‌కి పంపండి. ప్రింట్లకి పాత డ్రైవ్ వాడండి, అందులో పీడీఎఫ్ తప్ప ఇంకేం పెట్టొద్దు.

డ్రైవ్ పోతే ఎవరి చేతిలో పడుతుందో అని టెన్షన్ ఉంటే బిట్‌లాకర్ (డ్రైవ్‌కి పాస్‌వర్డ్ తాళం వేసే విండోస్ సదుపాయం) పెట్టుకోండి. పెట్టడానికి విండోస్ ప్రో ఉన్న కంప్యూటర్ కావాలి. తర్వాత హోమ్ ఎడిషన్‌లో కూడా పాస్‌వర్డ్ కొట్టి తెరవచ్చు.

తీసేటప్పుడు ఎడిటర్, టెర్మినల్ రెండూ మూసి, ఎజెక్ట్ నొక్కి తీయండి. "వాడకంలో ఉంది" అని మొరాయిస్తే ఎక్కడో ఒక నల్ల కిటికీ ఇంకా తెరిచి ఉంటుంది. అదీ దొరక్కపోతే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి పీకండి. ఎండాకాలం స్కూటర్ డిక్కీలో మాత్రం వదిలేయొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో మన ఊళ్లో ఆ డిక్కీ ఎట్లా కాలుతుందో మీకు తెలుసు, పెన్‌డ్రైవ్ జేబులోనే ఉండాలి.